కనుమ మీద మరిగిన కారు

స్కార్దాల్,
ఏప్రిల్ మొదటివారం, 1982.

హాల్వోర్‌కి,

ఒంట్లో బాగానే ఉందని నీ ఉత్తరంలో నువ్వే రాశావు కాబట్టి ఆ సంగతి మళ్ళీ అడగను. ఇక్కడ నేనూ, నీ తమ్ముడి ఇంటివాళ్ళూ కులాసా. గొర్రెలు ఈనడం మొదలైంది. ఈ నాలుగు ముక్కలు మర్యాదగా రాయడానికే పళ్ళు బిగబట్టుకోవలసి వచ్చింది. పేరుకి ముందు "ప్రియమైన" లేదేమిటా అని చూస్తున్నావేమో. పూర్తిగా చదువు, తెలుస్తుంది.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. నీ ఓడ శాంటోస్ రేవులో ఆగినప్పుడు పంపిన కాఫీ గింజలు చేరాయి. తడవలేదు. ఇంటికప్పు పడమటి వైపు రేకు గాలికి లేచిపోతే నీ తమ్ముడు శూర్ వచ్చి మేకులు కొట్టాడు. ఇక కారు. "ఇంకా చోక్ లాగిపెట్టే నడుపుతున్నావా రాగ్నా? ఒడ్నీ పిల్ల కారులో పుట్టిందన్నావుగా, దానికి కారు పేరే పెట్టమను" అని రాశావు. పక్కన నవ్వుతున్న మొహం బొమ్మ ఒకటి గీశావు. ఆ బొమ్మ చూసినప్పుడు నేను వంటింట్లో నిలబడి కాఫీ తాగుతున్నాను. కప్పు గోడకేసి కొట్టాను. మీ అమ్మ ఇచ్చిన నీలిగీతల కప్పు. అందుకు నాకేమీ విచారం లేదు.

సెప్టెంబరు నుంచి ఆ కారు నన్నెలా ఏడిపించిందో నీకు రాస్తూనే ఉన్నాను. ఒడ్డు వెంట నడిపినంతసేపు బుద్ధిగా ఉంటుంది. కనుమ ఎక్కడం మొదలుపెట్టగానే వేడి చూపించే ముల్లు ఎర్రగీత వైపు పాకుతుంది. ఆపాలి, బానెట్ ఎత్తాలి, ఆవిరి తగ్గేదాకా మంచులో నిలబడాలి. అవతల కాన్పు నొప్పులు పడుతున్న మనిషి ఈ మంత్రసాని కోసం ఎదురుచూస్తుంటుంది. "శూర్‌కి చూపించు, వాడు చూసుకుంటాడు" అని రాశావు. చూపించాను. అతను వచ్చేవాడు, నీళ్ళు పోసేవాడు, బానెట్ మూసేవాడు.

"కారుకేం రోగం లేదు వదినా. చలికి ఇంజన్ అంటుకోవడానికి లాగిన చోక్ మళ్ళీ లోపలికి నెట్టడం మర్చిపోతున్నావు."

"ప్రతిసారీ నెడుతూనే ఉన్నాను శూర్."

"అయితే ఒకటే గేరులో కొండంతా ఎక్కిస్తున్నావు. ఇంజనంటే గొర్రె కాదు వదినా, అదిలిస్తే ఎక్కడానికి!"

ఇదే మాట సహకార దుకాణంలో అందరి ముందూ అన్నాడు. ఇంకేముంది, ఊరంతా పట్టుకుంది. టపా తెచ్చే ముసలాయన కూడా "ఏమ్మా, ఇవాళ చోక్ లోపలుందా, బయటుందా?" అని అడిగి నవ్వుకుంటూ పోయేవాడు. వాళ్ళు నవ్వితే నవ్వారు. నేనూ నమ్మాను చూశావా, అదీ నా ఒళ్ళు మండే సంగతి. ఫిబ్రవరిలో నొప్పులు పడుతున్న ఒడ్నీతో కనుమ మీద చిక్కుకుపోయాక కారుని కొట్టంలో పెట్టి తాళం వేశాను. కొండ అవతలి కాన్పులకు ఇక వెళ్ళలేనని డాక్టరుకి చెప్పేశాను.

నీ నవ్వుమొహం బొమ్మ వచ్చిన రోజునే ఆ తాళం తీశాను.

జ్వరం వచ్చిన బాలింతకి నుదుటిమీద తడిగుడ్డ వేసి ఊరుకోను నేను. ఆ జ్వరం ఎక్కణ్ణుంచి వచ్చిందో వెతుకుతాను. కారుకి మాత్రం ఇన్ని నెలలుగా తడిగుడ్డే వేస్తూ వచ్చాం. ముందు ఆయిల్ మూత విప్పాను. ఇంజన్‌లో నీళ్ళు ఆయిల్‌లో కలవకుండా ఆపే గాస్కెట్ పోతే మూత లోపల మీగడలాంటి తెల్లటి జిగురు పేరుకుంటుందని ఎప్పుడో నువ్వే చెప్పావు. మూత శుభ్రంగా ఉంది. ఒక స్పార్క్ ప్లగ్గు విప్పాను. నేను చోక్ లాగిపెట్టి నడిపేదాన్నయితే అది మసిపట్టి నల్లగా ఉండాలి కదా? లేత గోధుమరంగులో ఉంది. దానికి బదులు కొత్తది బిగించి, పాతదాన్ని వంటింటి కిటికీలో పెట్టాను, వచ్చేపోయేవాళ్ళు చూడాలని.

ఫ్యాన్ బెల్టు బిగువుగానే ఉంది. ఇంజన్ వేడెక్కితే నీళ్ళకి దారి తెరిచే థర్మోస్టాట్ విప్పి, బంగాళదుంపలు ఉడికించే గిన్నెలో నీళ్ళు పోసి, అందులో వేసి పొయ్యి మీద పెట్టాను. నీళ్ళు మరుగుకి వస్తుండగా నోరు తెరిచింది. బయటికి తీస్తే మెల్లగా మూసుకుంది. దాని తప్పూ లేదు. మళ్ళీ బిగించి, నీళ్ళు నింపి, కొట్టం తలుపులు బార్లా తీసి ఇంజన్ నడిపించాను. ముల్లు పైకి పోయింది. ఆపి తడిమి చూశాను. పై రబ్బరు పైపు చెయ్యి పెట్టలేనంత వేడి. కింది పైపు చల్లగా ఉంది. రేడియేటర్ పైభాగం కాలుతోంది, సగం నుంచి కిందికి చేప పొట్టలా చల్లన. హీటర్ పెడితే లోపలికి వచ్చింది కూడా చలిగాలే. అంటే వేడినీళ్ళు ఇంజన్‌లోనే చిక్కుకుపోయి ఉన్నాయి. చల్లబడడానికి పోవలసిన దారిని ఏదో మూసేసింది.

ఇంజన్ పూర్తిగా చల్లారనిచ్చి, బట్టలుతికే తొట్టె కింద పెట్టి, రేడియేటర్ కింది బిరడా తిప్పాను. మొదట ఏమీ రాలేదు. ఇనుప తీగ పెట్టి కెలికితే తవుడు కలిపినట్టున్న గోధుమరంగు ముద్ద జారింది. మధ్యమధ్య రాగిపొడిలా మెరుస్తున్న రేణువులు. తుప్పయితే వేళ్ళమధ్య నలగాలి. ఇది జిగురులా అంటుకుంది. తోట పైపు తెచ్చి కిందినుంచి పైకి నీళ్ళు తోస్తుంటే ముద్దలు ముద్దలుగా కక్కుతోంది. సరిగ్గా అప్పుడే శూర్ వచ్చాడు. తొట్టెలోకి చూసి ఆగిపోయాడు.

"ఏమిటిది శూర్?"

"తుప్పు."

"తుప్పా? వేలు పెట్టి చూడు."

పెట్టలేదు. టోపీ తీసి చేతుల్లో నలపసాగాడు.

"కోప్పడకు వదినా."

"కోప్పడాలో వద్దో నువ్వు చెప్పాక చూస్తాను."

"లీకు ఆపే పొడి అది. ఆగస్టులో రేడియేటర్ కింద చెమ్మ కనబడింది. అన్నయ్య మర్నాడు ఓడెక్కాలి. మార్చడానికి టైము లేదు. ఒక డబ్బా పోశాడు, ఆగలేదు. ఇంకో రెండు పోశాడు."

"ఒక్కటి పోస్తేనే ఎక్కువ! మూడు పోశాడా?"

"లీకయితే ఆగింది కదా వదినా."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు కంగారుపడతావనీ, కారు తీయవనీ అన్నాడు. వచ్చాక తనే మార్చేస్తానన్నాడు. అందాకా నన్ను నీళ్ళు పోస్తుండమన్నాడు."

"మరి చోక్ మాట?"

అతను నేలచూపులు చూశాడు. "అదీ అన్నయ్యే అన్నాడు. నువ్వు అడిగితే ఏదో ఒకటి చెప్పాలి కదా."

చేతిలో ఉన్న నీళ్ళ పైపు అతని మొహం మీదికి తిప్పాను. మంచు కరిగిన నీళ్ళు, ఎంత చల్లగా ఉంటాయో నీకు తెలుసు. పాపం, పారిపోలేదు. మొహం తుడుచుకోకుండా అలాగే నిలబడ్డాడు.

ఇప్పుడు నీకు ఇంతకుముందు రాయనిది రాస్తాను.

ఒడ్నీకి నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. తుఫానుకి అంబులెన్సు పడవ కదలలేదు. కనుమ దాటించి ఆసుపత్రికి చేర్చడం తప్ప వేరే దారి లేదు. ఆమెను వెనక సీట్లో పడుకోబెట్టుకుని మధ్యాహ్నం బయలుదేరాను. సగం కొండ ఎక్కేసరికి ముల్లు ఎర్రగీత తాకింది. "అక్కా, చలికి కాళ్ళు కొయ్యబారిపోతున్నాయి, హీటర్ పెట్టవా?" అని అడిగింది. "పెట్టాను తల్లీ, ఇప్పుడే వేడి వస్తుంది" అన్నాను. రాలేదు. కనుమ తల కనబడుతుండగా ఇంజన్ ఆవిరి కక్కి ఆగిపోయింది. బిడ్డ అక్కడే పుట్టింది. నీలంగా ఉంది. ఏడవలేదు. ఒళ్ళు వేలాడిపోయింది. నా చొక్కా గుండీలు తెంపి బిడ్డను ఒంటికి అదుముకుని, పైన ఉన్ని స్వెట్టర్ లాక్కుని, చిన్ని నోట్లోకి ఊపిరి ఊదుతూ ఉన్నాను. వెనకనుంచి ఒడ్నీ "ఏడవదేం అక్కా? ఏడిపించు! నా తల్లీ, ఏడిపించు!" అని అరుస్తూనే ఉంది. ఎంతసేపు ఊదానో నాకు తెలియదు. చివరికి పిల్లికూన మూలిగినట్టు ఒక చప్పుడు చేసింది. తర్వాత మంచు తోసే బండి వచ్చింది, దాని డ్రైవరు తన కోటు విప్పి ముగ్గురి మీదా కప్పాడు.

"పిల్ల కారులోనే పుట్టింది, అందరూ క్షేమం" అని నీకు ఒక్క వాక్యం రాశాను. సముద్రం మధ్యలో ఉన్న మనిషి మనసు పాడుచేయడం ఎందుకనుకున్నాను. నువ్వూ నా విషయంలో అలాగే అనుకున్నానంటావేమో. అనకు. నేను మాట దాచినందుకు ఎవరి హీటరూ ఆగిపోలేదు.

పిల్ల పేరు సిన్నేవ. పాలు బాగా తాగుతుంది, తల్లి గొంతు వింటే తల తిప్పుతుంది. ఎడమ పిడికిలి మాత్రం సరిగా విప్పదు. నెలలు నిండకపోవడం వల్లనో, ఊపిరి ఆలస్యం కావడం వల్లనో అన్నది డాక్టరు తేల్చి చెప్పలేనన్నాడు. ఏడాది గడిస్తేగానీ తెలియదట. నేను మాత్రం ఎప్పుడో తేల్చేసుకున్నాను. ఆ పిడికిలి చూసినప్పుడల్లా నాకు చోక్ గుర్తొచ్చేది. కారు సరిగా నడపడం చేతకాక ఒక పసిదాని చెయ్యి పాడుచేశానని ఇన్నాళ్ళూ కుమిలిపోయాను. నువ్వేమో అక్కడ కూర్చుని బొమ్మలు గీస్తున్నావు.

శూర్‌ని ఆ తడిబట్టలతోనే ఒడ్నీ ఇంటికి నడిపించుకెళ్ళాను. ఆమె పిల్లకి స్నానం చేయిస్తోంది. అతను చెప్పడం మొదలుపెట్టి రెండుసార్లు ఆగిపోయాడు, నేను అందించలేదు. అంతా విన్నాక ఒడ్నీ అతనివైపు చూడకుండానే అంది: "దుకాణంలో అక్కని చూసి నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను శూర్. దీన్ని కడుపులో పెట్టుకుని మరీ నవ్వాను. ఎక్కడ ఆ మాట అన్నావో అక్కడే వెనక్కి తీసుకో."

తీసుకున్నాడట. శనివారం, దుకాణం నిండా జనం ఉండగా. నేను వెళ్ళలేదు. టపా ముసలాయన సోమవారం వచ్చి, "అమ్మా, ఆ చోక్ సంగతి..." అంటూ ఉత్తరాలు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

అవతలి లోయలో పాత కార్లు విప్పి అమ్మేవాళ్ళ దగ్గర మన కారుకి సరిపోయే రేడియేటర్ దొరికింది. నేనే బిగించాను. శూర్ దీపం పట్టుకున్నాడు, హీటర్ గొట్టాలు కడిగిపెట్టాడు. అతన్ని క్షమించానా అంటే చెప్పలేను. ఇప్పుడైతే మాట్లాడుతున్నాను.

నిన్న ఒక్కదాన్నే కనుమ ఎక్కాను. ముల్లు మధ్యలోనే ఉంది. కాళ్ళకి వెచ్చటి గాలి తగులుతోంది. సంతోషం వేస్తుందనుకున్నాను. ఆ చోటికి వచ్చేసరికి కారు ఆపి, స్టీరింగు మీద గుద్దుతూ నిన్ను తిట్టాను. ఒడ్నీ అడిగిన రోజున రావలసిన వేడి ఇది. రేడియేటర్ మార్చడం మహా అయితే ఒక పూట పని. నువ్వు ఒక్క మాట చెప్పి ఉంటే సెప్టెంబరులోనే ఆ పని అయిపోయేది.

డాక్టరుతో మాట్లాడాను. మళ్ళీ కొండ అవతలి కాన్పులకు వెళతాను.

నీ గురించి ఒడ్నీ ఏమందని అడుగుతావు. "ఆయన వచ్చి చెప్పనీ" అంది. జూన్‌లో నువ్వు ఓడ దిగేటప్పటికి రేవు దగ్గర కారుతో ఉంటాను. తాళంచెవి అడగకు. మన ఇంటికి రాకముందు ఒడ్నీ వాకిట్లో ఆపుతాను. నేను లోపలికి రాను. చెప్పవలసింది చెప్పు, ఆమె ఏమన్నా నిలబడి విను. తర్వాత అడిగి పిల్లను ఎత్తుకో. ఎడమచేతికి నీ వేలు అందించి చూడు. పిడికిలి విప్పి పట్టుకుంటే వచ్చి నాకు చెప్పు. పట్టుకోకపోయినా నువ్వే వచ్చి చెప్పు.

ఇట్లు,
ఇంకా కోపం చల్లారని
నీ భార్య
రాగ్నా