జ్ఞానతల్లి ఖాళీ చేసిన కుర్చీ

ప్యూబ్లో, మార్చి 3

ప్రియమైన కొమాద్రె కూకాకు,

నా పేరెత్తితే చాలు, నువ్వు లేచి వెళ్ళిపోతున్నావని మీ చెల్లెలు ఫోనులో చెప్పింది. మన పిల్ల నోయెమీని ఇంటర్వ్యూ చేసే కమిటీ నుంచి నేను తప్పుకున్న సంగతి నీకు చేరిందన్నమాట. కోపం తర్వాత పడుదువుగాని, ముందు నా మాట విను.

మా పింఛను ఆఫీసు కిటికీ ముందు నిలబడే జనంలో సగానికి పైగా స్పానిష్ మాట్లాడే మనవాళ్ళే. లోపల మనవాళ్ళం మాత్రం నేనూ, నేల తుడిచే ఇగ్నాసియో, ఇద్దరమే. మనవాళ్ళను పెంచమని పైనుంచి ఆర్డరు వచ్చింది. రెండు ఉద్యోగాలు. ముగ్గురితో వేసిన కమిటీలో నేనొకదాన్ని. దరఖాస్తుల్లో నీ కూతురి పేరు చూడగానే నా కడుపు నిండిపోయింది. ఆ వెంటనే మా పెద్దాఫీసరు హాలోరన్ దగ్గరికి వెళ్ళి, ఈ అమ్మాయి మా బంధువని చెప్పాను.

"ఏమవుతుంది మీకు?" అన్నాడు.

"నేను ఆమెకు బాప్తిస్మమప్పటి జ్ఞానతల్లిని."

"అంతేనా? రూల్లో మేనత్తలూ అత్తామామలూ ఉన్నారుగానీ జ్ఞానతల్లి లేదండీ. కూర్చోండి."

"రేపు వాళ్ళమ్మకేమైనా అయితే ఆ పిల్లకు అమ్మను నేనే. రూలు రాసినవాళ్ళకు ఆ సంగతి తెలియకపోతే నన్నేం చెయ్యమంటారు?" అని లేచి వచ్చేశాను.

నీకెప్పుడూ చెప్పని మాట ఒకటుంది. నేను చేరిన కొత్తలో పక్క టేబులామె నాకు వినపడేలాగే, "కోటా లేకపోతే ఈమె మొహం చూసి ఎవరిస్తారు ఉద్యోగం" అంది. ఇన్నేళ్ళయినా తప్పు దొర్లుతుందేమోనని ప్రతి ఫైలూ మూడుసార్లు చూసుకుంటాను. జ్ఞానతల్లి ఇప్పించిన ఉద్యోగమని అలాంటి మాట నోయెమీ పడకూడదు, కూకా.

నీ లాలా


సాన్ లూయిస్, మార్చి 12

లాలాకు,

నా బిడ్డకు జ్ఞానతల్లివని ఇన్నాళ్ళూ నిన్ను కొమాద్రె అన్నాను, ఈసారి అలా రాయబుద్ధి కాలేదు.

నోయెమీకి ఉద్యోగం రాలేదు. ఆత్మవిశ్వాసం చాలదన్నారట. ఏం చేశావే అని అడిగితే, "పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే తల వంచుకుని విన్నానమ్మా" అంది. అలా వినమని నేర్పింది నేనొక్కదాన్నేనా? చిన్నప్పుడు వాళ్ళ తాత కళ్ళలోకి చూసి జవాబిచ్చిందని చెవి మెలిపెట్టింది నువ్వు.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్నట్టుంది నీ వ్యవహారం. తల వంచడం మాలో మర్యాద అని చెప్పగల నోరు ఆ కమిటీలో ఒక్కటే ఉండేది. నీ కుర్చీలోకి డెన్వర్ నుంచి ఎవరో దొరగారు వచ్చి కూర్చున్నాడట. ఆ రోజు మనవాళ్ళ పిల్లలు ఇంకో నలుగురు వచ్చారు. వాళ్ళకూ రాలేదు. వాళ్ళందరికీ కూడా నువ్వు జ్ఞానతల్లివేనా?

నీ కూకా కాదు, రెఫూహియో


ప్యూబ్లో, మార్చి 21

కొమాద్రె కూకాకు,

నువ్వు అలా పిలవడం మానుకుంటే మానుకో, నేను మానను.

నీ చివరి ప్రశ్న నాలుగైదుసార్లు చదివాను. మర్నాడే హాలోరన్ దగ్గరికి వెళ్ళి, మనవాళ్ళు ఐదుగురి గురించీ కమిటీ ఏం రాసిందని అడిగాను. ఐదుగురికీ అదే మాట, ఆత్మవిశ్వాసం చాలదని.

"ఐదుగురూ పిరికివాళ్ళేనంటారా?" అన్నాను.

"మీరు తలెత్తే మాట్లాడుతున్నారుగా?"

"ఈ ఆఫీసులో నేర్చుకున్నానండీ. ఇంటికెళ్తే మా నాన్న ముందు ఇప్పటికీ ఎత్తను."

ఆయన ఐదుగురి కాగితాలూ మళ్ళీ ముందుకు లాక్కున్నాడు. రెండో ఉద్యోగం ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. దానికి ఇంటర్వ్యూలు మళ్ళీ మొదటినుంచి పెడుతున్నారు.

నేను మాత్రం ఆ గదిలోకి వెళ్ళను. తిట్టాలనుకుంటే తిట్టు. లేవడం నా తప్పు కాదు. నా తర్వాత ఎవరు కూర్చుంటారో అడగకుండా లేచానే, అది నా తప్పు. ఈసారి అడిగాను, పోట్లాడాను. ట్రినిడాడ్ ఊళ్ళోని మా ఆఫీసు నుంచి ఎలీహియో బాకా నా కుర్చీలోకి వస్తున్నాడు. మన మనిషే. నోయెమీ ఎవరో ఎరగడు. మొహమాటమన్నది ఆయన ఒంట్లో లేదు, పనికిరాదనుకుంటే మొహం మీదే చెప్పేస్తాడు.

చెప్పనీ. మర్యాదను పిరికితనమనుకుని మాత్రం తీసెయ్యడు. మన మర్యాద తెలిసినవాడి ముందు పరీక్షకు నిలబడే అదృష్టం నాకు దొరకలేదు, కూకా. గెలిచినా ఓడినా మన పిల్లకు దొరకనీ.

నీ బిడ్డకు రెండో అమ్మ,
లాలా