లోపలి వాపు

శ్రావణ మాసం, బుధవారం

బేతంచెర్ల గనిలో మా ఆయన తలకు రాయి తగిలి ఇరవై రోజులైంది. పైగాయం మానింది. దాన్ని మాన్పడానికి లోపల పుట్టిన వాపే ఇప్పుడు మెదడును నొక్కుతోందేమోనని కడప డాక్టరుగారి అనుమానం. మరుపు ఉంటే ఆస్పత్రిలో ఉంచాలట.

"ఈ యమ్మ పేరేమప్పా?" అని డాక్టరుగారు నన్ను చూపించి ఆయనను అడిగారు. ఆయన తల వంచుకున్నారు.

"పెండ్లాం పేరు అమ్మ ముందర యాడ చెప్తాడు సామీ! మావోనికి సిగ్గు శానా," అని అత్త నవ్వింది. డాక్టరుగారూ నవ్వి పంపేశారు.

రైలు దిగి ఇల్లు చేరాం. అత్త నీళ్లకు వెళ్లాక నా పేరేమిటని నేనే అడిగాను. ఆయన నా ముఖం చూసి, "నువ్వే చెప్పు" అన్నారు.

అది సిగ్గు కాదు, మరుపే. ఎవరూ లేనప్పుడు ఆయన నన్ను పేరుతోనే పిలిచేవారని అత్తకు ఏ నోటితో చెప్పను? అయినా తెల్లవారగానే చెప్పాలి.