కొవ్వు లేని పాస్ట్రమీ

బ్రాంక్స్, మంగళవారం

ప్రియమైన ఐనార్,

నీ ఓడ డెట్రాయిట్‌లో ఆగేసరికి ఈ ఉత్తరం నీకు అందుతుంది. ఇంటికి ఫోన్ చేస్తే ఎవరూ తీయలేదని కంగారు పడకు. నేను బ్రాంక్స్‌లో ఉన్నాను, సోల్ చెల్లెలి ఇంట్లో. సోల్ అంటే మా పాత వీధి మూల మీద ఉన్న డెలిలో, అదే మా యూదుల తిండి దొరికే హోటల్లో, సర్వర్. నేను పుట్టకముందు నుంచీ అక్కడే పళ్లేలు మోస్తున్నాడు, వచ్చినవాళ్లను తిడుతున్నాడు. ఆ తిట్ల కోసమే వచ్చేవాళ్లు కూడా ఉన్నారు.

నీకు ఒక సంగతి చెప్పాలి. మన పెళ్లికి మా నాన్న ఎందుకు రాలేదని నువ్వు అడిగితే మోకాలి నొప్పి అన్నాను. ఆ తర్వాత కూడా ఎప్పుడు అడిగినా ఆ మోకాలినే అడ్డం పెట్టాను. పాపం, నువ్వు నమ్మి ప్రతి క్రిస్మస్‌కీ ఆయనకి నొప్పి తైలం పంపేవాడివి. అది మా అమ్మ తన నడుముకి రాసుకునేది. ఆయన మోకాలికి ఏమీ లేదు. నేను యూదుడు కానివాణ్ణి చేసుకుంటున్నానని తెలిసి నాన్న నాకోసం షివా కూర్చున్నాడు. మాలో మనిషి పోతే ఇంట్లోవాళ్లు ఏడు రోజులు పట్టే శోకం అది. అద్దాలకి దుప్పట్లు కప్పాడు, చొక్కా చింపుకున్నాడు, పొట్టి పీట మీద కూర్చున్నాడు. ఇరుగుపొరుగు పరామర్శకి వచ్చారు. డెలి నుంచి గుడ్లూ చేపలూ పెద్ద పళ్లెంలో వెళ్లాయి. మోసింది సోలే.

"ఎవరు పోయారని అడిగాను. ఫ్రీడా అన్నాడు మీ నాన్న. పొద్దున్నేగా నా దగ్గర కాఫీ తాగి, చిల్లర కూడా వదలకుండా పోయింది, ఎప్పుడు చచ్చిందీ అన్నాను" అని సోల్ ఇప్పటికీ చెబుతాడు.

నీకెందుకు చెప్పలేదంటావా? నువ్వు మంచివాడివి. నీవల్లే ఇదంతా అనుకుని కుమిలిపోతావని చెప్పలేదు. నాకూ సిగ్గుగా ఉండేది. బతికుండగానే కన్నతండ్రి తద్దినం పెట్టేశాడని ఏ మొహంతో చెప్పను?

ఇంకో ముక్క కూడా ఉంది. ఏడో రోజు పొద్దున ఎవరో ఒకరు వచ్చి, శోకంలో ఉన్నవాళ్లతో "ఇక లే" అనాలి. వాళ్లు లేచి, బయటికి వెళ్లి, చుట్టూ ఉన్న వీధులు ఒకసారి తిరిగి రావాలి. దాంతో శోకం తీరినట్టు. నాన్న ఆ రోజు ఇల్లు కదల్లేదట. లేవమని ఎవరినీ అననివ్వలేదట. అమ్మ డెలిలో ఫోన్ దగ్గర నిలబడి, గుమ్మం దగ్గర సోల్‌ని కాపలా పెట్టి, నాకు చెప్పింది. ఏడు రోజులు చాల్లేదు కాబోలు, ఆ కోపం చచ్చేదాకా తీరదు కాబోలు అనుకున్నాను.

పోయిన ఏడాది అమ్మ సమాధి దగ్గర ఆయన నన్ను చూసి, నా వెనక ఏదో చెట్టు ఉన్నట్టు చూపు దాటించేశాడు. మొన్న సోల్ ఫోన్ చేశాడు. "ముసలాడు రోజూ పొద్దున్నే వస్తాడు, ఒక్కడే కూర్చుంటాడు, సగం తిని వదిలేస్తాడు. వంటవాడు నామీద పడుతున్నాడు. వచ్చి పక్క టేబుల్ దగ్గర కూర్చో. మాట్లాడితే మాట్లాడతాడు, లేకపోతే నీ తిండి నువ్వు తిను" అన్నాడు. అందుకని వచ్చాను. ఒక్కసారి ఆయన నోటి నుంచి నా పేరు వినాలని ఉంది. అంతకన్నా ఏమీ అక్కర్లేదు.

ఇవాళ పక్కనే కూర్చున్నాను. నాన్న ఉల్లిపాయలూ సాల్మన్ చేపా వేసి వేయించిన గుడ్లు తిన్నాడు, పేపరు చదివాడు, వెళ్లిపోయాడు.

నీ
ఫ్రీడా


బ్రాంక్స్, శుక్రవారం

ఐనార్,

నిన్న మాట్లాడాడు. నాతో కాదులే.

నాన్న పొద్దున రాలేదు, మధ్యాహ్నం వచ్చాడు. నేనూ మధ్యాహ్నం దాకా అక్కడే కాఫీలు తాగుతూ కూర్చున్నాను. చివరికి సోల్‌ని పిలిచి, రై రొట్టెలో పాస్ట్రమీ, అదే పొగబెట్టిన గొడ్డు మాంసం, కొవ్వు తీసేసి కోయమన్నాను. పక్క టేబుల్ దగ్గర పేపరు కిందికి దిగింది.

"సోల్, ఆ ఆవిడకి చెప్పు. కొవ్వు లేని పాస్ట్రమీ తినేకంటే కాలి చెప్పు నమలడం మేలని చెప్పు."

సోల్ నా వైపు తిరిగాడు. "ఆయన ఏమంటున్నాడంటే..."

"వినపడింది. డాక్టర్ కొవ్వు తినొద్దన్నాడని చెప్పు" అన్నాను.

"డాక్టరా? ఏం జబ్బు? అడుగు."

"రక్తంలో కొవ్వు పెరిగిందని చెప్పు."

"ఏ డాక్టరు? మనవాడేనా? ఆవిడ ఉండే దులూత్‌లో చేపలు పట్టేవాళ్లు తప్ప డాక్టర్లు కూడా ఉంటారా? అడుగు."

సోల్ కాఫీ కూజా ఠంగుమని టేబుల్ మీద పెట్టాడు. "మెండెల్, నాకు కాళ్లు పీకుతున్నాయి. మూడడుగుల దూరంలో ఉంది. నువ్వే అడగరాదూ?"

నాన్న పేపరు మళ్లీ ఎత్తాడు. "చచ్చినవాళ్లతో మాట్లాడితే నన్ను పిచ్చాసుపత్రిలో వేస్తారు."

నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఈయనేమన్నా అంత నిష్ఠాపరుడా? మాంసంతో జున్ను కలపకూడదని మా శాస్త్రం. ఈ డెలిలో అడిగినవాళ్లకి రెండూ కలిపి పెడతారు. అలాంటి వంటగదిలో వండింది రోజూ తింటున్నాడు. అదే మాట సోల్‌తో అన్నాను, నాన్నకి వినపడేలాగే అన్నాను. "ఆయన జున్ను వేయించుకోడుగా. ఎవడి గీత వాడు గీసుకుంటాడమ్మా, నువ్వు ఆ గీతకి అవతల పడ్డావు" అన్నాడు సోల్.

నేనూ ఒక గీత గీసుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం బస్సుకి వచ్చేస్తాను. ఇక ఎప్పుడూ రాను. ఆయన పోయాడని కబురు వచ్చినా రాను. చచ్చినదాన్నని నాకు ఎవరూ ఏడుసార్లు చెప్పక్కర్లేదు.

ఫ్రీడా


బ్రాంక్స్, ఆదివారం రాత్రి

నా ఐనార్,

నేను ఇంకా బ్రాంక్స్‌లోనే ఉన్నాను. సోల్ చెల్లెలి ఇంట్లో కాదు, నా పాత గదిలో. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆదివారం పొద్దున డెలి ఎలా ఉంటుందంటే, గుమ్మం బయటి దాకా జనం, లోపల అరుపులు. నేను పెట్టె పట్టుకుని వచ్చి అదే టేబుల్ దగ్గర కూర్చున్నాను. నాన్న అప్పటికే తింటున్నాడు. పెట్టె చూశాడు.

"సోల్, ఆవిడ ఎక్కడికి?"

"ఇంటికి. ఇక రాదట. నీ పీడ వదిలింది, సంతోషమా?" అన్నాడు సోల్.

నాన్న మళ్లీ తినసాగాడు. పళ్లెంలో ఉన్నదంతా తిన్నాడు. రొట్టె ముక్కతో పళ్లెం తుడుచుకుని తిన్నాడు. తర్వాత రెండు చేతులూ టేబుల్ మీద పెట్టుకుని కూర్చున్నాడు. బయట జనం టేబుల్ కోసం చూస్తున్నారు.

"మెండెల్, ఇది డెలి. నీ ఇంటి వసారా కాదు" అన్నాడు సోల్.

"సోల్, నన్ను లేవమని చెప్పు."

"అదేగా చెబుతున్నాను!"

"అలా కాదు. చెప్పాల్సినట్టు చెప్పు."

సోల్‌కి కాసేపు అర్థం కాలేదు. నాకే ముందు అర్థమైంది. సోల్ నన్ను చూశాడు, ఆయన్ని చూశాడు. చేతిలో పళ్లేలు పక్కన పెట్టి, ఏప్రన్‌కి చేతులు తుడుచుకున్నాడు. నా జన్మలో ఆ మనిషి అంత మెల్లగా మాట్లాడటం వినలేదు.

"మెండెల్, ఇక లే."

నాన్న లేచాడు. కుర్చీ మీది కోటు తీసి వేసుకున్నాడు.

"ఫ్రీడా, కోటు వేసుకో. బయట గాలిగా ఉంది" అన్నాడు.

ఇద్దరం చుట్టూ వీధులు తిరిగాం. ఆయన నా చెయ్యి పట్టుకునే నడిచాడు. మందుల షాపు, బడి, అమ్మ జుట్టు కత్తిరించుకునే చోటు, అన్నీ దాటాం. ఏడుస్తున్నానని దాచుకోవాలని కూడా అనిపించలేదు. బడి గోడ దగ్గర ఆగినప్పుడు అడిగేశాను. "అప్పుడు ఎందుకు నడవలేదు నాన్నా? అంత కోపమా?"

"కోపమా? నీమీద కోపం మూడు రోజులకే తీరిపోయింది. నడిచొస్తే అయిపోయినట్టేగా. నువ్వు పోయినట్టేగా. నోటితో అన్నాను, కాళ్లు ఒప్పుకోలేదు" అన్నాడు.

"మరి ఇన్నేళ్లూ?"

"ఇన్నేళ్లూ సిగ్గు" అన్నాడు, నా చెయ్యి వదలకుండానే.

తిరిగి వచ్చేసరికి సోల్ మా టేబుల్ ఎవరికీ ఇవ్వలేదు. క్యూలో ఉన్నవాళ్లు అతన్ని తిడుతున్నారు, అతను తిరిగి తిడుతున్నాడు. ఈసారి నాన్నా నేనూ ఒకే టేబుల్ దగ్గర కూర్చుని ఒక పాస్ట్రమీ చెరిసగం తిన్నాం. కొవ్వు లేకుండానే కోయించాడు. నములుతున్నంతసేపూ మొహం చిట్లించుకునే ఉన్నాడు.

నీ గురించి అడిగాడు. ఓడ మీద ఏం తింటావని అడిగాడు. సరస్సులు గడ్డకట్టి ఓడలు ఆగిపోయే శీతాకాలంలో నిన్ను తీసుకురమ్మన్నాడు. ఇప్పుడు మాత్రం మోకాలు నిజంగానే నొప్పెడుతోందట, నాలుగు వీధులు తిరిగేసరికి వాచింది. ఈసారి తైలం నువ్వే తెచ్చి ఆయన చేతికివ్వు.

నీ ఫ్రీడా