వెనక గదులకి సముద్రం

బావమరిదికి,

దీవెనలు. ఎండలు ముదిరాయి గనక దీవెనలు కూడా కాస్త వేడిగానే ఉంటాయి, సర్దుకో.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం దేనికంటావేమో. ఫోన్లో నువ్వు మాట మార్చేస్తావు. కాగితం మీద అయితే దొరికిపోతావు. రిటైరయ్యేదాకా భవనాల తనిఖీ అధికారిగా పనిచేసినవాణ్ణి, రాతలో లేనిది నా దృష్టిలో జరగనట్టే.

మీ అక్క సూట్‌కేసు సర్దుకుని మీ ఇంటికి వచ్చేసిన సంగతి నీకు తెలుసు. కారణం నీకు ఒకలా చెప్పి ఉంటుంది. అసలుది నేను చెబుతాను. ప్రతి వేసవిలోనూ నేను ఎంతో శ్రమపడి ప్రయాణానికి ప్లాను వేస్తాను. చూడదగ్గ ఊళ్ళు, రైళ్ళు, బస్సులు, లాడ్జీలు అన్నీ పరిశీలించి అన్నిట్లోనూ లోపాలు పట్టుకుంటాను. లోపాలన్నీ తేలేసరికి వానలు పడతాయి, ప్రయాణం ఆగిపోతుంది. అందులో నా తప్పేముంది? ఈసారి ఆవిడ, "పెళ్ళయిన దగ్గర్నించీ సముద్రం సముద్రం అని మొత్తుకుంటున్నాను. సముద్రం చూస్తేగానీ మళ్ళీ ఈ గడప తొక్కను" అనేసి వెళ్ళిపోయింది. వంటింట్లో పాత కేలెండరొకటి ఉంది. సముద్రం బొమ్మ ఉన్న నెల దగ్గర ఏళ్ళ తరబడి ఆగిపోయింది. చింపనివ్వదు. మా వంటింట్లో ఎప్పుడూ అదే నెల.

నువ్వు చేసేది ట్రావెల్స్ ఆఫీసులో ఉద్యోగం గనక, దాన్ని ఉద్యోగమే అనుకుందాం, మంచి చోట్లేవో రాసి పంపు. అరచేతిలో వైకుంఠం మాత్రం చూపించకు.

ఇట్లు,
మాడిన అన్నం తింటున్న
నీ బావ

తా.క. నా గళ్ళ చొక్కా కనపడటం లేదు. పోయినసారి మా ఇంటికి వచ్చినప్పుడు నువ్వు దాన్ని రెండుసార్లు చూశావు.

---

పూజ్యులైన బావగారికి,

నమస్కారాలు. మా ఉద్యోగాన్ని ఉద్యోగంగా గుర్తించినందుకు ఆఫీసు మొత్తం తరఫున కృతజ్ఞతలు.

కొండల మీద చల్లగా ఉండే ఊరు ఒకటుంది. పడవ షికార్లుండే పెద్ద సరస్సు ఒకటుంది. సముద్రం ఎలాగూ ఉంది. రైలైనా, బస్సైనా, కారైనా ఏర్పాటు చేస్తాను. ఏదో ఒకటి తేల్చండి. వానలకి ఇంకా టైముంది గనక మీరు కంగారుపడి, కంగారులో పొరపాటున ఒప్పేసుకుంటారేమోనని నా భయం.

అక్క కులాసా. మీ ప్లాను సంగతి చెబితే అరగంట నవ్వింది.

ఇట్లు,
విధేయుడు, మీ బావమరిది

తా.క. ఆ చొక్కాని రెండుసార్లు చూసిన మాట నిజం. మొదటిసారి కళ్ళని నమ్మలేకపోయాను.

---

బావమరిదికి,

దీవెనలు తగ్గించాను.

నువ్వు రాసినవి చదివాను. కొండ ఎక్కి ఏం చేస్తాం? దిగుతాం. దిగేదానికి ఎక్కడం దేనికి? ఆ ముచ్చట మా మేడ మెట్ల మీద తీరుతుంది. సరస్సంటే ఎటూ కదలని నీళ్ళు. దోమలు పిల్లాపాపలతో కాపురముండే చోటుకి మనం అద్దె ఇచ్చి మరీ వెళ్ళాలా? ఇక సముద్రం. ఒడ్డున నిలబడి గుడ్లప్పగించి చూడటం తప్ప అక్కడ చేసే పనేమైనా ఉందా? ఉప్పుగాలికి బాల్కనీ ఊచలన్నీ తుప్పు పట్టి ఉంటాయి. వాటికి ఆనుకుని ఫొటోలు దిగేవాళ్ళని చూస్తే నాకు చెమటలు పడతాయి.

రైల్లో పై బెర్తు ఇస్తారు. దిగాలంటే కింద పడుకున్నవాడి దయ. బస్సులో సినిమా వేసి, హంతకుడెవరో తేలేలోపు ఆపేస్తారు. కారంటే డ్రైవరు తన కాపురం గొడవలన్నీ మనకి చెబుతాడు. లాడ్జీల్లో మగ్గుని బక్కెట్టుకి గొలుసేసి కడతారు. స్నానానికి వచ్చినవాణ్ణి దొంగలా చూసే చోట నేను పడుకోను.

మీ అక్కకి నవ్వు వచ్చిందంటే ఆరోగ్యం బాగానే ఉందన్నమాట. ఎప్పుడొస్తుందో కనుక్కో. నేను అడగమన్నానని చెప్పకు.

ఇట్లు,
నీ బావ

తా.క. నా రబ్బరు చెప్పులు కూడా కనపడటం లేదు. నీ కాళ్ళ సైజు ఎంత?

---

పూజ్యులైన బావగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం ఆఫీసులో అందరికీ చదివి వినిపించాను. కొండ మీద ఇంత కోపమున్న మనిషిని మా మేనేజరు ఇంతవరకూ చూడలేదట.

ఇంక డొంకతిరుగుడు లేకుండా ఒకే ఒక్క చోటు చెబుతున్నాను. సముద్రం పక్కనే మేడ లాడ్జి. దాని కరపత్రం జతచేశాను, బొమ్మ చూడండి. ప్రతి గదిలోంచీ సముద్రం కనపడుతుంది. ఒడ్డుకి దిగడానికి మెట్లున్నాయి. మగ్గుకి గొలుసు లేదు, కనుక్కున్నాను.

అక్క ఎప్పుడొస్తుందో మీ పేరు ఎత్తకుండానే అడిగాను. "మీ బావగారు అడగమన్నారా?" అంది. ఈమధ్య ఆవిడ పొద్దున్నే నీళ్ళ దగ్గరికి వెళితే మధ్యాహ్నానికిగానీ రావడం లేదు. ఎండకి మొహం కాస్త నల్లబడింది. చేతులు నానిపోయి ముడతలు పడ్డాయి. వద్దన్నా వినదు.

ఇట్లు,
మీ బావమరిది

తా.క. నా కాళ్ళు మీ చెప్పుల్లో పట్టవు. దేవుడు నాకు చేసిన మేళ్ళలో అదొకటి.

---

ఏమోయ్,

దీవెనలు లేవు.

మా ఆవిడ చేత నువ్వు బట్టలుతికిస్తున్నావా? పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నీళ్ళ దగ్గరా? మొహం నల్లబడేదాకానా? పుట్టింటికి వెళ్ళిన మనిషిని ఇంత చాకిరీకి పెట్టి, పైగా "వద్దన్నా వినదు" అని రాయడానికి నీకు చెయ్యెలా వచ్చిందయ్యా? మా ఇంట్లో ఆవిడ ఎండలో నిలబడితే నేనే గొడుగు పట్టుకెళ్ళి ఇస్తాను. ఈ సంగతి ఆవిడే నీకు చెప్పి ఉండాల్సింది.

ఇక నీ కరపత్రం. భూతద్దం పెట్టి చూశాను. నా దగ్గర నీ పప్పులు ఉడకవు. మొదటిది, ఒడ్డుకి దిగే మెట్లకి పట్టుకోవడానికి కమ్మీ లేదు. రెండోది, దీంతో నువ్వు జైలుకే పోతావు. ప్రతి గదిలోంచీ సముద్రం కనపడుతుందన్నావు. ఇల్లన్నాక వెనక వైపు ఉండదా? ఆ గదులకి సముద్రం ఎలా కనపడుతుంది, అద్దంలోనా? మసిపూసి మారేడుకాయ చేసే లాడ్జీలకి నేను ఎన్నిటికి తాళాలు వేయించానో మా ఆఫీసులో అడుగు. ఆ యజమానికీ నీకూ ఏం లాలూచీ ఉందో తేలుస్తాను. ముందు లాడ్జి, ఆ తర్వాత మీ ఇల్లు. మీ అక్కని స్వయంగా తీసుకొచ్చేస్తాను.

ఇట్లు,
నీ అక్క మొగుడు

తా.క. ఎండకి పెట్టుకునే టోపీ కూడా పోయింది. ఇది ఒక్కడి పని కాదు. మీ ఇంటిల్లిపాదికీ చెయ్యి ఉంది.

---

పూజ్యులైన బావగారికి,

భయభక్తులతో నమస్కారాలు.

మీ ఆరోపణలకి నేను జవాబు చెప్పలేను. ఒక్కటే బతిమాలుకుంటున్నాను, ఆ లాడ్జికి మాత్రం వెళ్ళకండి. యజమానురాలు మాకు బాగా కావలసిన మనిషి. మీరు టేపు పట్టుకుని దిగితే ఆవిడ గుండె ఆగిపోతుంది. అయినా నాకెందుకీ భయం! మీరు వెళ్ళాలంటే ముందు రైలు మీకు నచ్చాలి కదా.

ఒకవేళ వెళ్ళినా కింద మెట్లూ గోడలూ చూసుకుని వచ్చేయండి. మేడ మీద చివరి గది వైపు పోకండి. దాని సంగతి కాగితం మీద పెట్టడానికి నాకు ధైర్యం చాలడం లేదు.

ఇట్లు,
వణుకుతున్న
మీ బావమరిది

తా.క. గురువారం పొద్దున్న అటు రైలు ఉంది. పై బెర్తే ఖాళీగా ఉంది. ఊరికే రాస్తున్నాను.

---

బావమరిదికి,

ఈ ఉత్తరం లాడ్జి కాగితం మీద రాస్తున్నాను. కాగితం పల్చగా ఉంది.

గురువారం రైలెక్కాను. పై బెర్తు. తనిఖీకి వెళ్ళేవాడు బెర్తు చూసుకోడు గనక ఏమీ అనుకోలేదు. చేతిసంచిలో టేపూ టార్చీ తప్ప ఏమీ తెచ్చుకోలేదు. లాడ్జి యజమానురాలు నన్ను చూడగానే "మీరేనా! రండి, రండి" అంది. గుండె ఆగిన సూచనలేవీ కనపడలేదు. అక్కడే నాకు అనుమానం రావాల్సింది.

తిన్నగా వెనక్కి వెళ్ళాను, వెనక గదులవాళ్ళు ఏం చూస్తున్నారో చూద్దామని. సముద్రం చూస్తున్నారు. సముద్రంలోకి చొచ్చుకుపోయిన నేల కొన మీద కట్టారయ్యా ఆ కొంపని! ముందూ సముద్రమే, వెనకా సముద్రమే. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇలాంటి ఇల్లు నేను చూడలేదు. మెట్లకి కమ్మీ కూడా ఉంది, ఫొటోలో పడని వైపు. మగ్గుకి గొలుసు లేదు. ఒళ్ళు మండిపోయింది.

ఆ మంటతోనే మేడెక్కాను. చివరి గది తలుపు కొట్టి, "తనిఖీ!" అని అరిచాను.

"చెప్పులు బయట విప్పండి. గదంతా ఇసుకవుతుంది" అని లోపలి నుంచి వినపడింది.

మీ అక్క! మొహం నల్లబడిన మాట నిజమే. చేతుల ముడతలూ నిజమే. ఆవిడ నింపాదిగా, "ఇన్నేళ్ళూ షికారుకి రమ్మని పిలిచాను, కదల్లేదు. తప్పులున్నాయనిపించేలా రాయిస్తే వారం తిరక్కుండా వచ్చారు" అంది. మేడ మీద గదికి పోవద్దన్న మాట నీ బుర్రలో పుట్టి ఉండదని నాకు అప్పుడే తెలిసిపోయింది. అంత తెలివి మీ ఇంట్లో ఒక్కరికే ఉంది, ఆవిణ్ణి నాకిచ్చి చేశారు.

సాయంత్రం చెయ్యి పట్టుకుని నీళ్ళ దాకా లాక్కెళ్ళింది. ఒక్క కెరటమూ చెప్పిన చోట ఆగదు, దేనికీ పద్ధతి లేదు. ఇంత నిర్లక్ష్యంగా నడిచే చోటుని నేనింతవరకూ చూడలేదు. మీ అక్క మాత్రం మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడి చిన్నపిల్లలా కేరింతలు కొట్టింది. ఆ గొంతు నేనెప్పుడూ విని ఎరగను. కళ్ళలో ఇసుక పడి నీళ్ళొచ్చాయి. ఇసుకేనని ఆవిడకి చెప్పాను. నీక్కూడా అదే చెబుతున్నాను.

ఆ కేలెండరు ఇక చింపేయొచ్చట.

ఇట్లు,
మోసపోయిన
నీ బావ

తా.క. అసలు లోపం ఇప్పుడు బయటపడింది. ఈ గది ఆదివారం దాకానే తీసుకున్నావట. అంత తెలివితక్కువగా ఎవరైనా తీసుకుంటారా? వానలు పడేదాకా పొడిగించు.

మరో తా.క. కట్టుకోవడానికి బట్టల్లేవు, వెళ్ళిపోతానన్నాను. ఆవిడ సూట్‌కేసు తెరిచింది. గళ్ళ చొక్కా, రబ్బరు చెప్పులు, టోపీ, అన్నీ ఉన్నాయి. మీ ఇంటికి బయల్దేరిన రోజే సర్దిందట. నీకు క్షమాపణ మాత్రం చెప్పను. ఆ చొక్కాని నువ్వు రెండుసార్లు చూశావు.