నీలం మంచానికి ఇరవై ఒక్క రోజుల దీక్ష

మే 22, గురువారం. హనుమజ్జయంతి.

ఉదయం 6.10. కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి గుళ్ళో కొబ్బరికాయ కొట్టి సంకల్పం చెప్పుకున్నాను. మా మనవరాలు మృదుల గదికి పాత సామాను కొని, నా చేత్తో నేనే కొత్త రంగులు వేస్తాను. పెయింటరు వద్దు. ఇరవై ఒక్క రోజుల దీక్ష. జూన్ 12న బడి తెరుస్తారు. 11వ తేదీకి పిల్ల తన గదిలో, తన మంచం మీద పడుకోవాలి. అంతవరకు కాఫీ ముట్టను స్వామీ!

పొద్దున కాఫీ తాగకుండా గుడికి వచ్చానన్న సంగతి ఆ మాట అనేశాక గుర్తొచ్చింది.

ఈ దీక్ష ఎందుకంటే, నిన్న కోడలు జ్యోతిక అంది: "అత్తమ్మా, పాప రెండో తరగతికి వస్తుంది. ఇంకా మీ పక్కలనే పడుకుంటే ఎట్ల? ఫిబ్రవరిల మీరు తిరుపతి పోతే మూడు రాత్రులు నిద్ర పోలే. ఒకటే ఏడుపు."

నిజమే. మృదులకి నా కుడిచెవి దిద్దు పట్టుకుని తిప్పితే గాని నిద్ర రాదు. పాలు మానిన దగ్గర్నుంచి అదే అలవాటు.

"గది సంగతి నాకు వదిలెయ్యమ్మా" అన్నాను. మా వారు పేపరు దించి, "వేదవతీ, నీకు రంగులు వెయ్యడం వచ్చా?" అన్నారు. ముప్పై రెండేళ్ళుగా శుక్రవారం శుక్రవారం గడపకి పసుపు రాసి బొట్లు పెడుతున్నాను. గడపకి రాసిన చెయ్యి మంచానికి రాయలేదా?

మే 23, శుక్రవారం.

రాహుకాలం పదిన్నరకి. తొమ్మిదికే ఎల్బీ నగర్ దాటి, సాగర్ రోడ్డు పక్కన ఉన్న లింగస్వామి షెడ్డుకి చేరాను. పాత సామాను కొండలాగా ఉంది. నేను ఎంచినవి:

మంచం 1 (ఒక కాలు కాస్త పొట్టి)
చిన్న చెక్క బీరువా 1 (తలుపు మూస్తే మళ్ళీ అదే తెరుచుకుంటుంది)
చదువుకునే బల్ల 1 (దాని మీద ఎవరో "మహిపాల్, 4వ తరగతి బి" అని చెక్కాడు)
కుర్చీ 1 (బాగుంది!)

"ఈ మంచం మీద ఎవరు పడుకునేవారు బాబూ?" అని అడిగాను.

"గవన్ని నేనెట్ల అడుగుతనమ్మా? మంచం తెచ్చిన, మనుషుల్ని తేలే" అన్నాడు. తర్వాత వేళ్ళు మడిచి లెక్క చెప్పాడు. "ముందుగాల గరుకు కాగితంతోని రుద్దున్రి. కంతలకు లప్పం పెట్టున్రి. ప్రైమర్ కొట్టున్రి. ఒకరోజు ఎండనియ్యాలె. గప్పుడు రంగు. మర్చిపోతరు, రాసుకోన్రి."

నాలుగు మాటలకి రాసుకోవడం దేనికి? విష్ణు సహస్రనామం నోటికి వచ్చిన దాన్ని!

సామాను ట్రాలీలో మన్సూరాబాద్‌లో మా ఇంటికి వచ్చేసింది. బాల్కనీలో దింపించాను. మృదుల మంచం చుట్టూ మూడు ప్రదక్షిణాలు చేసింది.

మే 24, శనివారం.

పిల్లని తీసుకుని దిల్‌సుఖ్‌నగర్‌లో రంగుల కొట్టుకి వెళ్ళాను. మంచానికి నీలం, బీరువాకి గులాబి, బల్లకి చిలకపచ్చ, కుర్చీకి నిమ్మపండు పసుపు. అన్నీ అదే ఎంచింది. నేను ఒక్క మాట అనలేదు. బీరువాకి గోధుమరంగు అయితే మురికి కనపడదు అని ఒక్కసారి మాత్రం అన్నాను.

కొట్టతను ప్రైమర్ డబ్బా చూపించాడు. వద్దన్నాను. మంచానికి ముందు పసుపు పట్టించబోతున్నాను కదా. పసుపు కంటే ప్రైమర్ ఏముంటుంది?

రంగు డబ్బాలు మెట్రోలోకి రానివ్వరట. షేరింగ్ ఆటోలో ఒళ్ళో పెట్టుకుని వచ్చాము. నీలం డబ్బా మృదుల ఒళ్ళో. దారంతా దాంతో మాట్లాడింది.

కాఫీ లేక తల పగిలిపోతోంది. శుభం!

మే 25, ఆదివారం.

ఉదయం 7.00. శుద్ధి కార్యక్రమం. ఎవరు పడుకున్న మంచమో, ఏ మైలో! పసుపు నీళ్ళతో మొత్తం కడిగాను. మూడుసార్లు. ఆరు బకెట్లు. కింది వాటావాళ్ళు పైకి వచ్చి, వాళ్ళ దుప్పట్లు పచ్చగా అయ్యాయని చెప్పారు. వాళ్ళకి రెండు మామిడిపళ్ళు ఇచ్చాను.

9.30. ఉత్త నీళ్ళలో కలిపిన పసుపు ఎండితే రాలిపోతుంది. అందుకని నువ్వుల నూనెలో చిక్కగా కలిపి, మంచం తలవైపు చెక్క మీద ఐదు బొట్లు పెట్టాను. పిల్ల నిద్రలో ఉలిక్కిపడకుండా ఉంటుంది.

ఎంత బాగుందో! రంగు వెయ్యకుండానే ఇంత బాగుంటే, వేస్తే ఎలా ఉంటుందో!

మే 26, సోమవారం.

మంచం ఇంకా తడిగా ఉంది. చెక్క కాస్త ఉబ్బినట్టు కూడా ఉంది. ఆరోగ్యంగా కనపడుతోంది.

టీ తాగాను. టీ మొక్కులో లేదు.

మే 27, మంగళవారం. అమావాస్య.

మంగళవారం. పైగా అమావాస్య. ఎవరైనా రంగులు వేస్తారా?

విశ్రాంతి.

మే 28, బుధవారం.

10.20. మొదటి పూత! ఓం నమో వేంకటేశాయ! నీలం అంటే నీలం! తలవైపు చెక్క, కుడివైపు పట్టె, రెండు కాళ్ళు అయ్యాయి. మృదుల పక్కన కూర్చుని, "నానమ్మా, ఇక్కడ. ఇక్కడ తెల్లగా ఉంది. ఇక్కడ" అని చూపిస్తోంది. నాకు చెయ్యి నొప్పి లేదు, ఆకలి లేదు. నేను పుట్టిందే దీనికేమో.

12.00. రాహుకాలం. ఆపేశాను.

1.30. బ్రష్షు గట్టిపడి కర్రలా అయింది. టర్పెంటైన్‌లో ముంచి పెట్టాలట. ఆ మాట లింగస్వామి చెప్పాడో లేదో. రాసుకోలేదు కదా.

మే 30, శుక్రవారం.

నీలం పచ్చగా మారుతోంది. కింద నుంచి పసుపు ఊరుతోంది. అక్కడక్కడ బొబ్బలు లేచాయి. తలవైపు ఐదు బొట్లు ఉన్నచోట రంగు అసలు పట్టనే లేదు, వేలు పెడితే పొరలా కదులుతోంది.

మా వారు కళ్ళజోడు పెట్టుకుని మరీ చూశారు. "దీనికి అమ్మవారు పోసినట్టుంది వేదవతీ. వేపాకు కట్టు" అన్నారు.

మధ్యాహ్నం ఆయన పులుసులో ఉప్పు వెయ్యలేదు. కావాలని కాదు.

లింగస్వామికి ఫోను చేశాను. "కడిగిన్రా? కట్టెను? ఆరు బకెట్లా?" అన్నాడు. "అమ్మా, అది ప్లైవుడ్డు. దానికి స్నానం ఎందుకు చేయించిన్రు? ఇగ మంచిగ ఎండనియ్యిన్రి. మొత్తం గీకి, ప్రైమర్ కొట్టి, మల్ల మొదటి నుంచి సురూ చెయ్యున్రి."

మళ్ళీ మొదటి నుంచా! మంచిదే. ఎండేవరకు మనం చేసేది ఏమీ లేదు.

జూన్ 2, సోమవారం.

రంగు వెయ్యలేకపోవడానికి కారణాలు:
1. చెక్క తడి.
2. ఏడున్నర నుంచి తొమ్మిది రాహుకాలం. తర్వాత వంట. తర్వాత వర్జ్యం. తర్వాత ఎండ.
3. మాగాయ ముక్కలు ఎండబెట్టాలి. బాల్కనీలో చోటు లేదు. రంగు వాసన పడితే ఏడాది పచ్చడి పాడవుతుంది.
4. కొత్త బ్రష్షు లేదు.

కాఫీ పొడి చిటికెడు వేసిన పాలు తాగాను. ఆ రంగు చూస్తే దాన్ని కాఫీ అని ఎవరూ అనరు.

జూన్ 5, గురువారం.

సాయంత్రం జ్యోతిక ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పకుండానే బాల్కనీలోకి వెళ్ళింది. ఎనిమిది రోజులుగా మంచం అలాగే ఉంది. ఒక పక్క నీలం, ఒక పక్క పాత గోధుమరంగు. మీద మాగాయ ముక్కల పళ్ళెం.

"అత్తమ్మా, ఒక మాట అడుగుత. రంగు ఎండుతలేదా, మీకు పాపను పంపబుద్ధి అయితలేదా?"

"వర్జ్యం ఉందమ్మా."

"ఎనిమిది రోజులు వర్జ్యమేనా?"

అరిచి అడిగి ఉంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. నవ్వుతూ అడిగింది. లోపలికి పోయి పప్పు కడిగాను. కడిగిన పప్పే మళ్ళీ కడిగాను.

ఇది నా డైరీ, ఇందులో అబద్ధం రాస్తే పాపం. ఫిబ్రవరిలో తిరుపతి కొండ మీద ఉన్నప్పుడు జ్యోతిక ఫోను చేసి, "మీరు లేక పాప నిద్ర పోతలే" అంటే పైకి అయ్యో అన్నాను. లోపల ఎంత సంతోషం వేసిందో! దర్శనం క్యూలో నిలబడి, ఒక పసిపిల్ల ఏడ్చినందుకు సంతోషించాను. స్వామికి దణ్ణం పెట్టేటప్పుడు కూడా ఆ సంతోషం పోలేదు.

క్షమించు తండ్రీ. ఆ చెయ్యి చెవి మీద లేకపోతే నిద్ర రానిది నాకే.

జూన్ 6, శుక్రవారం.

ఇక నాటకాలు లేవు! రేపు ఉదయం ఆరింటికి పని మొదలు. గరుకు కాగితం, ప్రైమర్, రెండు బ్రష్షులు తెప్పించాను. పిల్ల మేలే ముఖ్యం.

జూన్ 8, ఆదివారం. మృగశిర కార్తె.

నిన్న ఉదయం ఆరింటి నుంచి ఎనిమిదింటి దాకా ఒక కాలు గీకాను. ఒక్క కాలు. నడుము పట్టేసింది.

ఇవాళ వాన. మా అబ్బాయి శ్రీకర్, వాళ్ళ నాన్న కలిసి సామానంతా పిల్ల గదిలోకి మోశారు. నా కొడుకు మంచం అడుగు చూసి, "అమ్మా, ఇక్కడ అడుగున కూడా బొట్టు పెట్టావా?" అన్నాడు. అవును. అడుగున మాత్రం దిష్టి తగలదా?

పొట్టికాలు కింద పాత పంచాంగం మడిచి పెట్టారు మా వారు. "ఇన్నాళ్ళకి ఈ పుస్తకం ఒక పనికొచ్చింది" అన్నారు. నేను దాన్ని తీసి కళ్ళకద్దుకుని, కింద అట్టముక్క పెట్టాను.

జూన్ 10, మంగళవారం.

దొరికింది! రేపటి నుంచి మూఢం! నెల పైన శుభకార్యాలు లేవు. పిల్లని కొత్త గదికి పంపడం శుభకార్యం కాదా? నెల రోజులు గడువు దొరికినట్టే!

పంతులుగారికి ఫోను చేశాను, రూఢి చేసుకుందామని.

"మంచానికి మూఢం ఏమిటమ్మా? పిల్లకి నిద్ర వస్తే అదే ముహూర్తం" అన్నారు.

ఆయన ఈ మధ్య శాస్త్రం సరిగ్గా చూస్తున్నట్టు లేదు.

జూన్ 11, బుధవారం. ఇరవై ఒకటో రోజు.

లెక్క:
మంచం: సగం నీలం, బొబ్బలతో.
బీరువా: గులాబి చుక్క ఒకటి. డబ్బా మూత తీస్తుంటే పడింది.
బల్ల: మహిపాల్ అలాగే ఉన్నాడు.
కుర్చీ: ఏమీ లేదు. బాగుంది.

ఉదయం 11.15. కాఫీ. పెద్ద గ్లాసు. చిక్కగా, నురగతో.
11.40. ఇంకొకటి.

సాయంత్రం జ్యోతికతో చెప్పాను: "నా వల్ల కాలేదమ్మా. పెయింటర్ని పిలిపించు. దసరా సెలవుల్లో చూద్దాం."

జ్యోతిక నా వంక చూసి, సరే అంది. అలా సరే అంటే నాకు ఇంకా సిగ్గేసింది.

జూన్ 12, గురువారం.

ఉదయం 5.20. రాత్రి జరిగింది రాస్తాను. అన్నాలు తిన్నాక మృదుల నా మంచం మీద నుంచి తన దిండు తీసుకుంది. "నానమ్మా, నా మంచం అయిపోయిందా?"

"లేదు తల్లీ. ఒక వైపే నీలం."

"అయితే ఆ వైపే పడుకుంటా."

దిండు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. నీలం పట్టె వైపు గోడకి జరిగినట్టు ముడుచుకుని పడుకుంది. మిగతా మంచం ఖాళీ. పోనీ కాసేపు కూర్చోనా అన్నాను. "వద్దు, నువ్వు కూర్చుంటే నీలం అయిపోతుంది" అంది. నీలం తరిగిపోయేది ఎలా అవుతుందో నాకు తెలియదు. వచ్చేశాను.

కుడిచెవి బరువు తగ్గినట్టు ఉంది. అటు తిరిగి పడుకున్నా, ఇటు తిరిగి పడుకున్నా.

6.30. జ్యోతిక రెండు గ్లాసుల కాఫీ తెచ్చి నా పక్కన కూర్చుంది.

"నిద్ర పట్టిందా అత్తమ్మా?"

"పట్టిందమ్మా."

"నాకు పట్టలే. రెండుసార్లు లేచి పాపను చూద్దామని పోయిన. రెండుసార్లూ మీరు తలుపుకాడనే ఉన్నరు."

కాఫీ తాగాము. దీక్ష పోయింది కనక కాఫీ బాగుంది.

9.00. పిల్ల బడికి వెళ్ళాక పక్క సర్దుదామని ఆ గదిలోకి వెళ్ళాను. దిండు ఎత్తాను. తలవైపు చెక్క మీద, సరిగ్గా దిండు పక్కన, నీలం ఊడిపోయి ఉంది. గోటితో గీకి, గుండ్రంగా తిప్పి తిప్పి ఊడదీసింది. ఆ ఐదు బొట్లలో ఒకటి. అడుగున నా నువ్వుల నూనె పసుపు మెరుస్తోంది.

నా దిద్దంత ఉంది.

వేలు పెట్టి చూశాను. చాలాసేపు చూశాను. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.

జూన్ 13, శుక్రవారం. దీక్ష, మొదటి రోజు.

ఉదయం 6.00. కొబ్బరికాయ కొట్టాను. నలభై ఒక్క రోజులు. మంచం, బీరువా, బల్ల, కుర్చీ, అన్నీ నా చేత్తోనే. పెయింటరు వద్దని జ్యోతికతో చెప్పేశాను. ముందు గరుకు కాగితం, తర్వాత లప్పం, తర్వాత ప్రైమర్, ఒకరోజు ఎండనివ్వాలి, అప్పుడు రంగు. ఈసారి రాసుకున్నాను. నీళ్ళతో కడగను. వర్జ్యం చూడను. రాహుకాలం ఒక్కటే చూస్తాను.

కాఫీ మానతానని అనలేదు. స్వామికి కూడా మొన్నటితో అనుభవం వచ్చే ఉంటుంది.

మంచం అంతా గీకేస్తాను, కొత్తగా నీలం వేస్తాను. తలవైపు ఆ దిద్దంత చోటు మాత్రం వదిలేస్తాను.

6.40. గరుకు కాగితం ఎక్కడ పెట్టానో కనపడటం లేదు.