నేను గూడ కట్టేసిన

లచ్చమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మనం పనికి పోయేటప్పుడు, మతి ఎదగని మన నర్సిములును నీ పాత చీరతో మంచం కోడుకు కట్టేసింది నేనే. నాగ్‌పాడా దవాఖానాలో అలాంటి పిల్లల తల్లిదండ్రులు కూర్చుని మాట్లాడుకుంటారట, పోదామని నువ్వంటే, ఇంటి గుట్టు బయటపెడతావా అని అరిచాను. ఇప్పుడు అడగడానికి నువ్వు లేవు. మొన్న నేనే పోయాను.

అక్కడ మన కామాటిపురాలోనే ఉండే ఓ చిన్న వయసు తల్లి ఏడ్చింది. "బిడ్డను కట్టేసి పనికి పోతున్న. నేనేం తల్లిని?"

"నేను గూడ కట్టేసిన," అన్నాను. "ఇప్పుడు ఇంట్లనే ఉంటున్న. నీ బిడ్డను మా నర్సిములు పక్కన కూసోబెట్టి పో."

"అది కొరుకుతది తాతా!"

"కొరకనీ. మేస్త్రీ తోలు ఇది, దాని పండ్లే ఊడుతయ్."

ఏడుస్తూనే నవ్వింది.

ఈ పొద్దున తల్లి వెంట ఆ పిల్ల వచ్చింది. వచ్చీ రాగానే నా చెయ్యి కొరికింది. మన నర్సిములు తన రొట్టెలో సగం తుంచి దాని నోట్లో పెట్టాడు.