బూడిద అనే బిడ్డ కోసం ప్రార్థన

సోమవారం

తీర్మానం. ఈ రోజు నుంచి ‘మెరుపుదండు’ అనే ఆ బొమ్మల కథ నా గడప తొక్కదు, నా కంటపడదు. ఐదుగురు పిల్లకాయలు, ముఖానికి ముసుగులు, పెద్దల మాట వినరు, పైగా ఎగురుతారు. అపవాది పిల్లలను పట్టుకోవడానికి రంగుల గాలం వేశాడు. ఆదివారం ప్రసంగపీఠం మీద ఉతికి ఆరేస్తాను.

ఇంట్లో టీవీ ప్లగ్ కత్తిరించాను. అమ్మాయి బొమ్మల పుస్తకాలు బీరువాలో పెట్టి తాళం వేశాను.

“చూడకుండా తప్పని ఎలా అంటావు నాన్నా?” అంది. అంతే, తర్వాత నాతో మాట బంద్.

మా ఆవిడ: “టీవీలు బాగుచేసే మనిషి సొంత టీవీ పీక కోశాడంటే నలుగురూ నవ్వుతారు.”

నవ్వనీ. సత్యం పలికినవారిని చూసి లోకం ఎప్పుడు నవ్వలేదు?

మంగళవారం

శత్రువు పేరు తెలియకుండా యుద్ధమేమిటి? ఒక్క పుస్తకం తీశాను. నిలబడే చదివాను. కూర్చుంటే చదవడం అవుతుంది, నిలబడితే పరిశీలన.

అందులో ‘బూడిద’ అనే పిల్ల ఉంది. బూడిదరంగు ముసుగు. ఇతరుల గాయాలు తన ఒంటిమీదకు తీసుకుంటుందట. ఈ సంగతి నేను ముప్పై ఏళ్లుగా ప్రకటిస్తున్నదే. వీళ్లకెవరు చెప్పారు?

ఖండించాలి. ఎలాగో ఆలోచించాలి.

అమ్మాయి భోజనాల దగ్గర: “అమ్మా, ఆయన్ని కూర వేసుకోమను.” కూర గిన్నె నా మోచేతి పక్కనే ఉంది.

బుధవారం

రొట్టెల కొట్టావిడ వాళ్ల టీవీ నా దుకాణానికి రిపేరుకు వచ్చింది. స్పీకర్ మార్చాను. ధ్వని పరీక్షించాలి కదా. ఆ సమయానికి వచ్చింది మెరుపుదండే. నా తప్పు కాదు.

ఆవిడ వచ్చి, “స్పీకర్ మారిస్తే చాలన్నారుగా అయ్యగారూ?” అంది.

“రంగు కుదరలేదమ్మా. రేపు రండి.”

రంగు బాగానే ఉంది. ప్రభువు క్షమించుగాక.

గురువారం

దండు నాయకుడికి తగలాల్సిన దెబ్బ బూడిద తీసుకుంది. ఆస్పత్రిలో ఉంది. స్పృహ లేదు. పుస్తకం అక్కడితో అయిపోయింది. తర్వాతి సంచిక బీరువాలో లేదు. ఇదేం అన్యాయం?

అదెక్కడుందో అమ్మాయిని అడగమని మా ఆవిడను రాయబారం పంపాను.

“ఆయనకెందుకో అడుగమ్మా.”

“ప్రసంగానికట.”

“అయితే ప్రసంగం అయ్యాకే చెప్తానను.”

అచ్చం నా మొండితనమే. వాళ్లమ్మ కూడా అదే అంది.

శుక్రవారం

మెరుపుదండును చూడలేదు. దుకాణంలో టీవీ ముందు కళ్లు మూసుకుని విన్నాను, అంతే. తీర్మానం చూపు గురించి. చెవి ప్రస్తావన అందులో లేదు.

బూడిద ఇంకా లేవలేదు.

ఆదివారం

ఈ చేతితో ఇది రాయాల్సి వస్తుందనుకోలేదు.

ప్రసంగానికి ముందు రోగుల కోసం ప్రార్థన. రొట్టెల కొట్టావిడ మోకాలు, వడ్రంగి దగ్గు, ఒక్కొక్కరినీ ప్రభువు సన్నిధిలో ఎత్తిపట్టాను. ఆత్మావేశంలో గొంతు పెరిగింది. “ప్రభువా, ఆస్పత్రిలో స్పృహ లేకుండా పడివున్న మా బిడ్డ బూడిదను లేపు” అన్నాను.

సంఘమంతా “ఆమేన్” అంది. రొట్టెల కొట్టావిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

“ఎవరయ్యగారూ ఆ తల్లి? బూడిదేం పేరు, కన్నవాళ్లకు ఇంకో పేరే దొరకలేదా? ఏ ఆస్పత్రో చెప్పండి, పళ్లు పట్టుకెళ్తాం.”

పళ్ల కోసం వడ్రంగి అప్పుడే జేబులు తడుముతున్నాడు. మూడో బల్ల నుంచి అమ్మాయి నన్నే చూస్తోంది. పీఠం మీద నిలబడి అబద్ధం ఆడలేను.

“బొమ్మల పుస్తకంలో పిల్లమ్మా. మెరుపుదండులో ఉంటుంది.”

వడ్రంగి దగ్గి, “అంటే మేం ఆమేన్ అన్నది బొమ్మకా?” అన్నాడు.

ముప్పై ఏళ్ల సేవ గంగలో కలిసిందనుకున్నాను. అప్పుడు మూడో బల్ల నుంచి గొంతు:

“లేచింది నాన్నా. తర్వాతి సంచికలోనే లేచింది.”

“స్తోత్రం” అంది రొట్టెల కొట్టావిడ, గుండెల మీద చెయ్యి వేసుకుని.

ప్రసంగం సాగలేదు. ఎవరి వంక చూసినా నవ్వు ఆపుకుంటున్నారు, నాతో సహా.

సోమవారం

తీర్మానం, మళ్లీ మొదటి నుంచి. వచ్చే ఆదివారం మెరుపుదండును ఖండించి తీరతాను. అరకొర చదువుతోనే నిన్న దెబ్బతిన్నాను. ఈసారి ఆమూలాగ్రం చదివి ఖండిస్తాను. టీవీకి కొత్త ప్లగ్ పెట్టాను, అదీ పరిశోధనకే.

అమ్మాయి సంచికలన్నీ వరుసగా పేర్చి నా ముందు పెట్టింది. బూడిద చివరికి ఇంటికి చేరుతుందా అని అడిగాను.

చెప్పనంది. వాళ్లమ్మతో కాదు, నాతోనే అంది.